స్లయిడు మూసిన తర్వాత

చెల్లికి అన్నయ్య దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ మీ వదినా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ హాస్టలు పిల్లలూ, రోజూ అలిగే ఆ వంటమనిషీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం ఈ ముక్కతోనే మొదలవ్వాలని అమ్మ మన చేత పలక మీద రాయించింది గనక రాశాను. కింద రాయబోయేది మాత్రం అమ్మ నేర్పినది కాదు.

నీ ఉత్తరం గురువారం చేరింది. అప్పుడు కొట్లో ఒక పాత కుట్టుమిషను పొట్ట విప్పి కూర్చున్నాను. చేతులనిండా నూనె. మీ వదినే చింపి చదివి వినిపించింది. ఐదు ప్రశ్నలు వేశావు. నాలుగు ఆదివారాలుగా ఫోను ఎందుకు తీయడం లేదు, దాని స్లయిడు మళ్ళీ వదులైందా, వదిన మోకాలు ఎలా ఉంది, ఇస్త్రీ ఆవిడ గొంతు ఎలా ఉంది, నా మీద ఏమైనా కోపమా. ఐదింటికీ జవాబు రాస్తాను. కాగితం కింద పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని రాస్తున్నాను. దాని మీద చెయ్యి ఆనించి అబద్ధం రాయడం కష్టమని అలా పెట్టుకున్నాను. ఈ మధ్య నా చేతి మీద నాకు నమ్మకం తగ్గింది.

మోకాలి సంగతి తేలిక, ముందు అది చెబుతాను. వాపు పూర్తిగా తగ్గింది. మెట్లెక్కేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటుంది. నీ ఉత్తరంలో ఆ ప్రశ్న దగ్గరికి రాగానే చదవడం ఆపి నా వైపు చూసింది.

"నేను పడ్డ సంగతి అప్పట్లో ఆవిడకి మనం చెప్పామా?" అంది.

"చెప్పలేదు" అన్నాను.

"కంగారు పడుతుందని వద్దనుకున్నాం. అయినా తర్వాతి ఆదివారమే అడిగింది, వదిన మోకాలికి కాపడం పెడుతున్నావా అని. మీరు పరవశించిపోయారు."

"అవును."

"మరి ఆవిడకి ఎలా తెలిసిందంటారు, నిజంగా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర నాలుగు వారాలుగా జవాబుంది. అది నీ దగ్గర రెండేళ్ళుగా ఉంది.

ఇక ఫోను సంగతి. ఫోను బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు మన ముగ్గురి కంటే దాని ఆరోగ్యమే నయం. అంతకు ముందు చెడిపోయిన మాట నిజం. స్లయిడు సగం తెరిచి పట్టుకుంటే తెర మీద బొమ్మ వచ్చేది, పూర్తిగా తెరిస్తే తెల్లబోయేది. అలా పది రోజులు సగం తెరిచి, మెడ వంచి, దొంగలా మాట్లాడాను.

ఆ ఫోనంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. నువ్వు కొత్త టచ్ ఫోను కొనుక్కుని దీన్ని నా చేతిలో పెట్టిన రోజు నేను దీన్ని ఫోనుగా చూడలేదు, యంత్రంగా చూశాను. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్లు విప్పి బిగించేవాణ్ణి, జారే పలక ఎక్కడ కనపడినా నా వేలు ఊరుకోదు. వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ళ లాంటి అంచులు. పై పలక మీద తెర, దాని కింద నాలుగు వైపులా నొక్కే రింగు, ఒక పచ్చ మీట, ఒక ఎర్ర మీట. బొటనవేలితో పైకి తోస్తే కింద దాక్కున్న అంకెలు నీలం దీపాలతో బయటికొస్తాయి. వెనకనున్న కెమెరా కన్ను కూడా అంతే, తెరిస్తేనే లోకాన్ని చూస్తుంది. రెండు పలకల మధ్య సన్నటి ఉక్కు పట్టాలు, వాటి నడుమ ఒక స్ప్రింగు. ఆ స్ప్రింగు నన్ను ముగ్ధుణ్ణి చేసింది. సగం దూరం మనం తోయాలి, అందాకా అది ఎదురు తిరుగుతుంది. సగం దాటిందా, మిగతా సగం అదే లాక్కుపోతుంది, టక్కుమని.

దాని మీద మన ప్రార్థన హాల్లో ఒక ప్రసంగమే చేశాను. ఫోను పైకెత్తి పట్టుకుని, తెరిచి మూసి చూపించి, "సగం నీ పాట్లు, సగం ఆయన కృప. సగం దాకా తోసే ఓపిక లేనివాడా, మిగతా సగం రాలేదని ఏ మొహం పెట్టుకుని అడుగుతావు" అని బల్ల గుద్దాను. అందరూ ఆమేన్ అన్నారు. వెనక బెంచీలో కూర్చునే పెద్దాయన ఒకడు లేచి, "బ్రదర్, నా ఫోనుకి స్లయిడు లేదు, మరి నా గతేమిటి" అన్నాడు. నీకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వావు.

ఇచ్చేటప్పుడు నువ్వు చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పైకి తోస్తే లేస్తుంది అన్నయ్యా, కిందికి లాగితే పడుకుంటుంది. అంతే, ఎర్ర మీటతో నీకు పనే లేదు." నేను ఎర్ర మీట జోలికి పోలేదు. ప్రతి ఆదివారం కూడిక ముగిశాక నువ్వు ఫోను చేసేదానివి. పావుగంట మాట్లాడుకునేవాళ్ళం. ఉంటాను చెల్లీ అనేవాణ్ణి, టక్కుమని మూసేవాణ్ణి, ముందుగది అలమారలో గ్రంథం పక్కన పెట్టేవాణ్ణి. ఆ గది నీకు తెలుసు. మేం తినేది అక్కడే, పోట్లాడుకునేది అక్కడే, నేను మోకరించేది అక్కడే.

బజారులో ఫోన్లు బాగుచేసే అతను నా దగ్గర చిన్న స్క్రూడ్రైవర్లు ఎరువు తీసుకుంటూ ఉంటాడు. మొహమాటానికైనా నాది ముందు చేస్తాడని అతని దగ్గరికే వెళ్ళాను. వెనక మూత తీసి చూపించాడు. పై పలక నుంచి కింది పలకకి కాగితమంత పలచటి రిబ్బను తీగ ఒకటి వెళుతుంది. తెరిచినప్పుడల్లా అది చాచుకోవాలి, మూసినప్పుడల్లా మడుచుకోవాలి. మడత దగ్గర చిట్లింది. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మనంతా మోసింది అంత సన్నటి రిబ్బనా అని జాలేసింది. కొత్తది వేశాడు. తన ఫోనుతో నా నంబరుకి కొట్టి, "హలో బ్రదర్, వినపడుతోందా" అన్నాడు. వినపడుతోందన్నాను. మూసి జేబులో వేసుకున్నాను. అతను ఇంకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఏదో వెతుక్కుంటున్నాడు. నేను పక్క కొట్టు గాజుల వ్యాపారి వైపు తిరిగి, "మనవాడి చెయ్యి మంచిదే, నోరే కాస్త ఎక్కువ" అన్నాను, వినపడనంత మెల్లిగా.

"నా నోటి సంగతి నాకు నా ఫోన్లోనే వినపడుతోంది బ్రదర్" అన్నాడతను.

నవ్వాను. అర్థం కాలేదు.

"మీ ఫోను నోరు మూసుకుంటుంది గానీ చెవులు మూసుకోదు. మూసినా కాల్ ఆగకుండా సెట్టింగు పెట్టారు. కొంతమంది అలా పెట్టుకుంటారు, మీటలు నొక్కుకోకుండా జేబులో వేసుకోవచ్చని."

"నేను పెట్టలేదు."

"ఇచ్చినవాళ్ళు పెట్టుంటారు. మార్చెయ్యనా?"

"ఇన్నాళ్ళూ నేను మూశాక కాల్ నడుస్తూనే ఉందా?"

"అవతలివాళ్ళు పెట్టేస్తే ఆగిపోతుంది కదండీ. మాట అయిపోయాక ఎవరు పట్టుకు కూర్చుంటారు?" అంటూ ఏ కాల్ ఎంతసేపు నడిచిందో చూపించే జాబితా తెరిచాడు. పైపైన వెళ్ళిపోతున్న వేలు ఒకచోట ఆగింది. "ఈవిడెవరో బాగా మాట్లాడతారే" అన్నాడు.

అందరివీ రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. నీవి, ఒక ఆదివారం గంటా నలభై. ఒక ఆదివారం రెండు గంటలా పది. ఒక ఆదివారం గంటా యాభై అయిదు. సెట్టింగు మార్పించుకుని వచ్చేశాను. దారి పొడుగునా నేను ఆ రెండేళ్ళలో ఆ గదిలో ఏమేమి అన్నానో జ్ఞాపకం తెచ్చుకుంటూ నడిచాను. మనిషి తన మాటల్ని అలా వెనక్కి ఏరుకుంటూ నడవాల్సి రావడం మంచిది కాదు చెల్లీ.

నీ పక్షాన కూడా ఆలోచించాను. హాస్టలు వరండాల్లో తిరుగుతూ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడటానికి నువ్వు ఆ సెట్టింగు పెట్టుకుని ఉంటావు, నాకిచ్చేటప్పుడు మరిచిపోయి ఉంటావు. మొదటి ఆదివారం పొరపాటే. రెండో ఆదివారం కూడా పొరపాటే అనుకుంటాను, నా తోడబుట్టినదానివి కదా. నూరో ఆదివారానికి ఏ పేరు పెట్టమంటావు?

మేం కూర గురించి గొడవపడింది విన్నావు, పోనీ. మీ వదిన నన్ను హాల్లో సింహం, ఇంట్లో పిల్లి అన్నది విన్నావు, అదీ పోనీ. ఒక్కటి పోనివ్వలేకపోతున్నాను. అది రాయకుండా ఈ ఉత్తరం ముగించాలని ఎంతో చూశాను.

ఆ ఫోను వచ్చిన కొత్తలో నేను బోధ మానేద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. హాల్లో తొమ్మిదిమంది, అందులో ఇద్దరు నిద్రపోతారు. నేను ఏ బడిలోనూ వాక్యం నేర్చుకోలేదు, నూనె చేతులతో పేజీలు తిప్పుతూ కూడబలుక్కున్నవాణ్ణి. నాలో మండుతున్నది అగ్నా, ఒట్టి గొంతేనా అని అనుమానం పట్టుకుంది. ఒక ఆదివారం నీతో మాట్లాడి ఫోను మూశాను. మీ వదిన పక్కింటికి వెళ్ళింది. మోకరించాను. నాకు మనసులో ప్రార్థించడం చేతకాదు, వీధి చివరిదాకా వినపడేలా పిలవడమే తెలుసు. ఆ రోజు ఒక గుర్తు అడిగాను. "నన్ను కొనసాగమంటే, వచ్చే ఆదివారం లోపల ఎవరి నోటనైనా నన్ను గంటోడా అని పిలిపించు. పిలుపు రాకపోతే మానేస్తాను" అన్నాను. అమ్మ పోయాక ఆ పేరు ఎవరూ పలకలేదు. లోకంలో ఎవరూ పలకని పేరు గనకే దాన్ని అడిగాను.

తర్వాతి ఆదివారం నేను ఫోను తీయగానే నువ్వన్నావు, "అమ్మ ఉంటే ఇవాళ నిన్ను, గంటోడా, మోగవేంరా అనేది అన్నయ్యా."

ఏదో మాట్లాడి, ఫోను మూసి, నేల మీద పడి ఏడ్చాను. అది కూడా విన్నావు కదూ.

ముసలి యాజకుడి దగ్గర పెరిగిన ఒక బాలుడు, ఎవరో పిలిచారని లేచి మాటిమాటికీ ఆ ముసలాయన దగ్గరికి పరుగెత్తే కథ గ్రంథంలో ఉంది. పిలిచింది మనిషి అనుకున్నాడు, పిలిచింది దేవుడు. నాకు అది తలకిందులైంది. దేవుడు పిలిచాడనుకుని రెండేళ్ళు పరుగెత్తాను, పిలిచింది నువ్వు. నేను పైకి పంపిన మాటని నువ్వు దారిలో పట్టుకుని విప్పి చదివి, ఆయన సంతకంతో జవాబు పంపావు. మా అన్నయ్య మానేయకూడదనే కదా అలా అన్నాను అంటావేమో. నిజమే అయ్యుండొచ్చు. కానీ నేను అడిగింది నిన్ను కాదు.

ఆ తర్వాతిదంతా నా నోటి పనే. పై ఆదివారమే హాల్లో నిలబడి సాక్ష్యం చెప్పాను. నా చెల్లెలికి దేవుడు చూపిస్తాడు అన్నాను. మోకాలి సంగతి రాగానే అదీ చెప్పాను. మీ వదిన గొలుసు పోయిందని వెతికిన సంగతి నువ్వు అడిగితే అదీ చెప్పాను. తొమ్మిదిమంది అరవైమంది అయ్యారు. నిన్ను చూడనివాళ్ళు కూడా నిన్ను దర్శనం అక్క అనడం మొదలుపెట్టారు. నువ్వు ఒకసారి, "నాకేం దర్శనాలు లేవు అన్నయ్యా, అలా చెప్పకు" అన్నావు. ఆ ఒక్క మాట నిజం చెప్పావు. మరి అవన్నీ నీకెలా తెలిశాయో మాత్రం చెప్పలేదు. నేను దాన్ని వినయం అన్నాను, అదీ హాల్లో చెప్పి మెచ్చుకున్నాను.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న, ఇస్త్రీ ఆవిడ గొంతు. హాల్లో పాట ఎత్తుకునేది ఆవిడే అని నీకు తెలుసు. ఆవిడ పాట ఒకటి ఆ ఫోన్లో రికార్డు చేసుకున్నాను. అది ఒక్క నిమిషమే పట్టుకుంటుంది, రెండో చరణం మధ్యలో తెగిపోతుంది. ఆవిడకి గొంతు దగ్గర గడ్డ వచ్చింది, కోయాలన్నారు. కోస్తే పాట పోతుందేమోనని ఆవిడ భయం. రెండు నెలల కిందట నీతో మాట్లాడించమంటే స్పీకరు పెట్టి ఇచ్చాను. "అక్కా, నీకేమైనా కనపడితే చెప్పు, కత్తి పడాలా?" అని అడిగింది. నువ్వు, "భయపడకు, నీ గొంతుకి ఏమీ కాదు" అన్నావు. ఎవరైనా అనే మాటే. నువ్వు ఓదార్పుగా అన్నావు, ఆవిడ తీర్పుగా విన్నది. ఆసుపత్రికి వెళ్ళడం మానేసింది.

ఇందాకటి నుంచి నీ తప్పులే రాస్తున్నాను. నాది ఇక్కడుంది.

ఫోను బాగుచేయించుకున్న ఎనిమిదో రోజున ఆవిడ కొట్టుకి వచ్చింది. మెడకి తువ్వాలు చుట్టుకుంది. "బ్రదర్, ఆసుపత్రివాళ్ళు మళ్ళీ తేదీ రాసి పంపారు, ఈ శుక్రవారం. వెళ్ళమంటారా? అక్క మాట ఉంది కదా" అంది. అప్పటికి నాకు అంతా తెలుసు. ఎనిమిది రోజులుగా తెలుసు. చేతిలో మిషను సూదిని బిగించే పట్టీ ఉంది, దాన్ని తిప్పుతూ కూర్చున్నాను. వెళ్ళు అంటే, ఎందుకు అని అడుగుతుంది. ఎందుకో చెబితే అరవైమంది ముందు నేను రెండేళ్ళుగా చెప్పిన సాక్ష్యం కూలిపోతుంది. నువ్వు కూలతావు, నీకంటే ముందు నేను కూలతాను.

"అక్క మాట అక్క మాటే కదమ్మా" అన్నాను.

ఆవిడ దండం పెట్టి వెళ్ళింది. శుక్రవారం వచ్చి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం పాట ఎత్తుకుని, పై స్థాయికి వెళ్ళే చోట ఆగిపోయి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకుంది. నేను ముందు నిలబడి చప్పట్లు కొడుతూ తాళం వేశాను.

నీ ఉత్తరం వచ్చిన గురువారం మీ వదినకి చెప్పేశాను. మొదట, "నేను వంటింట్లోంచి మిమ్మల్ని అన్నవన్నీ విందా?" అంది. విని ఉంటుందన్నాను. "పోనీలెండి, ఒకరికైనా తెలిసింది" అంది. తర్వాత నీ తరఫున మాట్లాడింది. ఆదివారం సాయంత్రం హాస్టల్లో పిల్లలంతా ఇళ్ళకి ఫోన్లు చేసుకుంటూ ఉంటే, ఆవిడ గదిలో ఒక్కతే మన గిన్నెల చప్పుడు వింటూ కూర్చుందేమోనండీ అంది. నాకు ఆ బొమ్మ కళ్ళముందుకి వచ్చింది, రాలేదనను. కానీ అదే నిజమైతే అడగాల్సింది కదా. "మూయకు అన్నయ్యా, కాసేపు అలా ఉంచు" అంటే ఉంచేవాణ్ణి కాదా? రోజంతా ఉంచేవాణ్ణి. నీ కోసం గిన్నెలు ఇంకాస్త గట్టిగా కడగమనేవాణ్ణి.

అంతలో మీ వదిన మొహం మారింది. "ఇస్త్రీ ఆవిడకి చెప్పారా?" అంది. నేను గుడ్డతో చేతులు తుడుచుకున్నాను. "ఏవండీ, చెప్పారా?" అంది. శుక్రవారం సంగతి కూడా చెప్పాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు కూడా లేదు. శనివారం పొద్దున్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "పదండి" అంది.

ఇస్త్రీ ఆవిడ బల్ల ముందు నిలబడి మొత్తం చెప్పాను, ప్రసంగం లేకుండా. రిబ్బను తీగ సంగతి, సెట్టింగు సంగతి, గంటల సంగతి. ఆవిడ చేతిలో ఎవరిదో తెల్లచొక్కా ఉంది. ఇస్త్రీ ఆపలేదు. కాలరు చేసింది, చేతులు చేసింది, గుండీల మధ్య మొన తిప్పింది, మడత పెట్టింది. అప్పుడు పెట్టెని నిలబెట్టి, "మీకు ఎప్పుడు తెలిసింది బ్రదర్?" అంది. గొంతు గుసగుసలా ఉంది.

"నాలుగు వారాలు కావస్తోంది."

"అంటే నేను మీ కొట్టుకి వచ్చి శుక్రవారం వెళ్ళమంటారా అని అడిగినప్పుడు..."

"తెలుసమ్మా."

మీ వదిన గోడ పట్టుకుని నిలబడింది.

"మీ చెల్లెలు తెలియక అంది. మీరు తెలిసి అన్నారు" అంది ఆవిడ. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకి జవాబు చెప్పడం నాకొచ్చు.

నిన్న ఆదివారం హాల్లోనూ చెప్పాను. నీ గురించి చెప్పింది రెండు ముక్కలే, మిగతాదంతా నా గురించే, నమ్మినా నమ్మకపోయినా. ఎవరూ ఆమేన్ అనలేదు. సగంమంది లేచి వెళ్ళారు. వెనక బెంచీ పెద్దాయన వెళ్ళకుండా కూర్చుని, "వచ్చే వారం ఎవరు చెబుతారు బ్రదర్?" అన్నాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ పేరుతో పిలుపు రాకపోతే మానేస్తానని మాట ఇచ్చాను, రాలేదని ఇప్పుడు తెలిసింది. రెండేళ్ళు ఆలస్యంగా మాట నిలబెట్టుకోవాలా, ఈ రెండేళ్ళలో నా నోట వచ్చిన వాక్యం అంతా అబద్ధమా, అందులో కాస్తయినా ఆయనది ఉందా, ఈ ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆయన్ని ఒక గుర్తు అడగాలన్నా, ఎవరైనా వింటున్నారేమోనని గది నాలుగు మూలలూ చూసుకుంటున్నాను. నువ్వు నా దగ్గర తీసుకున్నది అది.

నీ ఐదో ప్రశ్నకి అదే జవాబు. కోపం ఉంది. హాల్లో నేను చూపించే కోపం లాంటిది కాదు, దానికి చప్పుడు లేదు, అందుకే ఎలా దించుకోవాలో తెలియడం లేదు.

ఇవాళ పొద్దున్న మీ వదిన ఇస్త్రీ ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను బయట వరండాలో కూర్చున్నాను. గడ్డ పెరిగిందట, గొంతు నరానికి ఆనుకుందట. అప్పుడే వచ్చి ఉంటే తేలిగ్గా అయ్యేది, ఇప్పుడు పాట సంగతి చెప్పలేం అన్నారట. పై వారం బుధవారం ఆపరేషను. వాళ్ళు బయటికి వచ్చాక నేను లేచి నిలబడి, ఆ రోజు నేను కూడా వచ్చి ప్రార్థన చేస్తాను అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కాసేపు ఊపిరి పీల్చుకుని, ఒక్కొక్క మాటే కూడబెట్టుకుంటూ చెప్పింది.

"మీ చెల్లెల్ని రమ్మనండి. ఆపరేషను అయ్యాక మూడు వారాలు నేను నోరు తెరవకూడదట. పక్కన ఒక మనిషి కావాలి. మీరొద్దు బ్రదర్, మీరు మాట్లాడతారు. ఆవిడకి దర్శనం లేకపోతే లేకపోయింది. రెండేళ్ళు పలక్కుండా కూర్చుంది కదా, మూడు వారాలు నా దగ్గర కూర్చోమనండి."

ఆవిడ అన్నది అన్నట్టు రాశాను. అందులో ఎగతాళి ఎంతో, అడగడం ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. మీ వదిన మాత్రం అడగడమే అంటోంది.

కాబట్టి సెలవు పెట్టి సోమవారానికల్లా రా. నిన్ను క్షమించానని ఈ ఉత్తరంలో రాయలేదు, మళ్ళీ వెనక్కి తిప్పి వెతకొద్దు. ఆవిడ నన్ను క్షమించానని అనలేదు, నేనూ వెతకడం లేదు. బస్టాండుకి మీ వదిన వస్తుంది, నేను రాను. ముందు మన ఇంటికి రావద్దు, సామానుతో సహా తిన్నగా ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళు. ఆవిడ ఎదురుగా కూర్చుని, నీకు ఏమీ కనపడలేదని, ఎప్పుడూ కనపడలేదని నీ నోటితో నువ్వు చెప్పు. చెప్పాక కూర్చో.

ఇట్లు,
నీ అన్నయ్య